సాంచెలు ఆపి తీసిన పాట

హుస్నాబాద్‌లో మా పుట్టింటి గల్లీలో పొద్దంతా సాంచెల చప్పుడే. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఆ చప్పుడులోనే పిల్లలు నిద్రపోతారు, ఆ చప్పుడులోనే పెళ్లి మాటలు నడుస్తాయి. గల్లీలో ఎవరైనా కన్నుమూస్తే మాత్రం అన్ని ఇళ్లలోనూ బందు పెడతారు. ఆ నిశ్శబ్దం విని, ఎవరూ పిలవకుండానే జనం బయలుదేరుతారు.

మా తమ్ముడికి పాటల పిచ్చి. వెనక గదిలో కంప్యూటరు పెట్టి, మైకు తీగను మిక్సర్‌కు, మిక్సర్‌ను సౌండ్ కార్డుకు కలిపి, గోడలకు బొంతలు వేలాడదీశాడు. గొంతు ఎంత బాగా పట్టినా వెనక సాంచె దడదడ వస్తోందని వాడి బాధ. ఆ రోజు మా అవ్వ చేత, అంటే అమ్మ చేత, శోకం పాడించాలని కూర్చున్నాడు. చావింట్లో అవ్వ శోకం పెడితే మొండి మగవాళ్లు కూడా ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు.

తెల్లవారితే బాపును, మా నాన్నను, కరీంనగర్ దవాఖానకు తీసుకుపోవాలి. కడుపులో గడ్డ. ఆలస్యమైతే చెయ్యి దాటుతుందని డాక్టరు చెప్పాడు. కోయించుకోనని మొండికేసిన మనిషిని బతిమాలి బతిమాలి ఒప్పించాం. అందుకే అవ్వ పాడనంది.

"మనిషి ఇంట్ల ఉండంగ శోకమేందిరా? నీ నోట్లె మన్నువడ!"

"పాటనే గదనే అవ్వా. రేపటి సంది నువ్వు దవాఖానల్నే ఉంటవు. మల్ల ఎన్నడు కుదురుతది?"

"ఉత్తగ రాదురా అది. ఎవలనన్న తలుసుకోవాలె."

"పోయినోళ్లనే తలుసుకో. మీ అన్నను తలుసుకో."

అరుగు మీద నుంచి బాపు నవ్వాడు. "పాడరాదె, గంతగనం బతిలాడుతుండు. నా శోకం ఎట్లన్న నాకు వినుడు దొర్కదాయె."

తమ్ముడు మా వరుసలో ఇంటింటికీ పోయి జరసేపు బందు పెట్టమని అడిగి వచ్చాడు. ఒక్కో సాంచె ఆగుతుంటే నా చెవులు గుయ్యిమన్నాయి. అవ్వ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. మొదట వాళ్ల అన్నను తలుచుకుంది. గొంతు పలకలేదు. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మాటలు మారాయి.

"సగం చీర సాంచె మీద ఇడిసి యాడికి వోతివి నా రాజా... బీడీకట్ట దిండు కింద పెట్టి యాడికి వోతివి..."

సాంచె మీద ఉన్న చీర బాపుది. దిండు కింద బీడీకట్ట పెట్టేదీ బాపే. నేను తమ్ముడి భుజం గిల్లాను. తెర మీద లేచిపడుతున్న గీతల నుంచి చూపు తిప్పకుండా, ఆపొద్దని వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. హెడ్‌ఫోన్లలో అవ్వకు తన గొంతు తప్ప ఏదీ వినపడడం లేదు. ఎంత గట్టిగా పాడుతోందో ఆమెకే తెలియదు.

నేను బయటికి ఉరికాను. అప్పటికే వెనక వరుస వాళ్లు వచ్చేశారు. వాళ్లను తమ్ముడు అడగలేదు. మా వరుస ఆగిందని వాళ్లూ బందు పెట్టి వచ్చారు. చెప్పులు దూరంగా విడిచి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. అరుగు మీద బాపును చూసి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

చివరికి బాపుకు వరుసకు బావ అయ్యే ముసలాయన అడిగాడు. "నువ్వేనా బావా? మంచిగనే ఉన్నవా?"

"ఇంక పోలే. మీరే జర ముందుగాల అచ్చిన్రు," అన్నాడు బాపు.

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. "పాటనే, రికార్డింగు చేస్తున్నం" అని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను. లోపల అవ్వ గొంతు బాపును పాడె మీదికి ఎత్తుతోంది. ఒకామెకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడుస్తూ బాపునే చూస్తోంది. బాపు ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

పాట అయ్యాక అవ్వ బయటికి వచ్చి, జనాన్ని చూసి గడపలోనే కూలబడింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు. పోతూ "పోయొస్తం" అని ఒక్కరూ అనలేదు. చావింటి నుంచి చెప్పి పోకూడదు కదా, ఆ అలవాటే.

"తీసేస్త బాపూ, ఇప్పుడే తీసేస్త," అన్నాడు తమ్ముడు.

"ఎందుకురా? మంచిగ అచ్చింది." తర్వాత నా వైపు తిరిగాడు. "బిడ్డా, పొద్దుగాల కారు అద్దని చెప్పు."

"అట్లనకు బాపూ. ఉత్త పాటనే గద."

"పాటనే. గని అందరచ్చిన్రు, సూసిన్రు, ఏడ్చిన్రు. ఇగ కోసుడెందుకు?"

మేం కారు వద్దని చెప్పలేదు. తెల్లవారగానే వచ్చి వాకిట్లో హారన్ కొట్టింది. బాపు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్నాడు. నేనూ తమ్ముడూ తలుపు బాదుతూ పిలుస్తూనే ఉన్నాం. అవ్వ మాత్రం తలుపు దగ్గరికి రాలేదు. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని, కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.