గొంతు కింద ముల్లు లేని మిడత

మా సైన్స్ సారు మొన్న గురువారం పొద్దున పోయారు. నా పంక్చర్ షాపు ముందు నిలబడి ఆ మాట నేను చెబితే బోధన్‌లో ఒక్కరూ నమ్మలేదు. "ఇయ్యాల సారునే సంపినవా?" అని నవ్వారు. ఆటపట్టించేవాడినని నాకున్న పేరు అలాంటిది.

పదో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను రిటైరయ్యాక కూడా వదలని మనిషి ఆయన. తెల్ల చొక్కాతో చెరకు గట్ల మీద మోకాళ్లేసి, మెడలో దారానికి కట్టిన భూతద్దంతో మిడతల్ని చూసేవారు. పట్టేది నేను. "ఉరుకకురా, ముందుగాల మొఖం జూడు" అనేవారు.

మా గట్ల మీద ఒక మిడత ఉంది. దాని ముఖం కత్తితో ఏటవాలుగా నరికిన చెరకు గడలా ఉంటుంది. లాటిన్ పేరు నాకు నోరు తిరగదు. ఆ రకం ఈ జిల్లాలో లేదని పెద్ద చదువులవాళ్లు, ఉందని సారు. మూడేళ్లు ఉత్తరాలు రాశారు. చివరికి తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒక పరిశోధకుడు సారు ఇంటికి వచ్చాడు.

నా చెయ్యి ఊరుకుంటుందా? వాలు ముఖం మిడతలకు గొంతు కింద ముల్లు ఉండదని సారే నేర్పారు. ముందురోజే, ఆయనకు చూపించడానికి పట్టి ఉంచినవాటిలో ఒకదానికి అక్కడ చెరకు పీచు తుమ్మ బంకతో అతికించాను. సారు కంగారుపడితే నవ్వుకుందామని.

పరిశోధకుడు మొదట దాన్నే తీశాడు. తిరగేసి చూసి, "గొంతుకు ముల్లుంది సార్. ఇది ఆ జాతే కాదు" అని పుస్తకం మూశాడు. మూడేళ్ల పని!

సారు మిడతను అరచేతిలో పెట్టుకుని పక్కనుంచి ముఖం చూశారు. నీళ్ల గ్లాసులో వేలు ముంచి, గొంతు మీద ఒక చుక్క వదిలి, కాసేపాగి మెల్లగా రుద్దారు. ముల్లు ఊడి వచ్చింది. నావైపు తిరిగారు.

"గొంతుకు ముల్లు అతికిస్తివి బద్మాష్. మొఖానికి వాలు ఎట్ల అతికిస్తవ్ రా?"

పరిశోధకుడు ఎర్రబడ్డ ముఖంతో మళ్లీ కూర్చున్నాడు. మిగతావన్నీ చూశాడు. కత్తుల్లాంటి మీసాలు, వీపు మీద గీతలు, వెనక తొడ లోపలి పళ్ల వరస. చివరికి తలెత్తి, "మీరు చెప్పిందే సార్. అదే ఇది" అన్నాడు. నేను వాకిట్లో ఈలలేసి గంతులేశాను. "గంతులు మిడతకే నప్పుతయ్, ఆపు" అన్నారు సారు. ఆయన కళ్లు మాత్రం వెలుగుతున్నాయి.

మూడో దినం నాడు సారు ఇంటామె ఒక అద్దాల పెట్టె నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమని జెప్పి పోయిండు బిడ్డా." లోపల మిడత. కింద చిన్న అక్షరాల్లో లాటిన్ పేరు, దాని కింద 'పట్టినవాడు' అని ఇంటిపేరుతో సహా నా పేరు.

ఇప్పుడది షాపులో, ట్యూబుల పైన వేలాడుతోంది. గాలి కొట్టించుకునేవాళ్లు పేరు చదివి, నన్ను ఎగాదిగా చూస్తున్నారు. మిడత మాత్రం వాలు ముఖం పెట్టి, రోడ్డు మీద పోయే చెరకు ట్రాక్టర్లను చూస్తోంది.