ఎర్రబోరు దగ్గర మా బండి ఎవరిని చూసింది?

నా కుట్టుమిషన్ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. ఆ మిషనే నా బతుకు. దాని మీద ఒట్టు వేసి అబద్ధం ఆడేంత ధైర్యం నాకు లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తరువాత నవ్వు రాదు.

ఆ సాయంత్రం మా బండి ఒక మనిషిని గుద్దిందా, లేదా? నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. దెయ్యమైతే బాగుండునని నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. దెయ్యం ఉండాలని మొక్కుకునే ఆడదాన్ని మీరెక్కడైనా చూశారా?

ఆంధ్ర సరిహద్దు పక్కనున్న కుంట ఊళ్లో నాది చిన్న బట్టల కొట్టు. కుట్టుపని కూడా నాదే. మా తమ్ముడు శీను బచేలిలో గనిలో పని చేస్తాడు. ఈ చలికాలం వాడి కూతురికి చెవులు కుట్టిస్తుంటే వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు వాడు నన్ను బస్సు ఎక్కనివ్వలేదు. కొత్త కారు కొన్నాడు కదా... అక్కకు చూపించుకోవద్దూ?

అది మామూలు కారు కాదు. సగం దారి దానంతట అదే నడుస్తుంది. మలుపు వస్తే స్టీరింగు తనే తిరుగుతుంది. ముందు లారీ ఉంటే తనే నెమ్మదిస్తుంది. మనిషి అడ్డం వస్తే తనే బ్రేకు వేస్తుంది. మా వాడు కాళ్లు వెనక్కి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

"దీనికి కళ్లున్నయ్ అక్కా. నాకంటె మంచిగ చూస్తది."

"కళ్లుంటె సరే. బుద్ధి ఉందా మరి?" అన్నాను.

"నాకంటె ఎక్కువే."

"అది నేను కూడా ఒప్పుకుంటా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

స్టీరింగు వెనక చిన్న తెర ఉంది. బండికి ముందు ఏం కనపడితే అది బొమ్మగా వస్తుంది. లారీకి లారీ బొమ్మ, మోటారు సైకిలుకు దాని బొమ్మ, మనిషికి మనిషి బొమ్మ. బూడిద రంగు బొమ్మలు... ముఖం ఉండదు. నేను దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. దంతెవాడ దాటాక ఒక ఎద్దుబండిని చూసి లారీ బొమ్మ వేసింది. ఇంకోచోట రోడ్డు వారన కావడి మోసుకుంటూ ఒకాయన వెళ్తుంటే అసలు ఏ బొమ్మా వేయలేదు.

"ఏందిరా, ఆ మనిషి కనపడలేదా దీనికి?"

"కావడి ఉందిగా అక్కా... మనిషి లెక్క అనిపియ్యలేదేమో."

వాడు తేలిగ్గా అనేశాడు. నేనూ తేలిగ్గానే విన్నాను. 

దోర్నపాల్ దాటేసరికి చీకటి పడిపోయింది. ఏడున్నర అయి ఉంటుంది. చలికాలం కదా, మంచు కిందికి దిగింది. లైటు వేస్తే పది అడుగుల తరువాత తెల్లటి గోడే. రోడ్డు మీద ఇంకో బండి లేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోడ్డు మీద చీకటి పడ్డాక బండి ఆపకూడదు. ఇది ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు. కుంటలో పుట్టిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తల్లి చెప్పే మాట. ఎవరు చెయ్యి ఎత్తినా ఆపకు. ఏం అడ్డం పడినా ఆపకు. టైరు పంచరైనా ఆపకు. మేం పెరిగినవి ఈ అడవిలో తుపాకులు తిరిగిన రోజులు. ఇప్పుడు రోడ్డు బాగుపడింది, రోజులూ కొంచెం బాగుపడ్డాయి... కానీ ఆ భయం ఎముకల్లోకి ఇంకిపోయింది. మాకు తెలుసు. ఆ బండికి తెలియదు.

ఎర్రబోరు ఊరు ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా... టింగ్.

చిన్న శబ్దం. తెర మీద ఒక బొమ్మ వచ్చింది. మనిషి బొమ్మ. రోడ్డు వారగా, ఎడమ పక్కన. కదలడం లేదు.

టింగ్... టింగ్.

రెండో బొమ్మ. ఇది మా ముందు. సరిగ్గా మధ్యలో.

టింగ్‌టింగ్‌టింగ్‌టింగ్... బండి ఒక్కసారిగా ఆగిపోయింది. నా ఒళ్లో ఉన్న సంచి ఎగిరి కింద పడింది. బెల్టు ఛాతీకి పట్టేసింది. శీను రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు.

అద్దంలోంచి చూశాను. మంచు... లైటు వెలుగు... ఖాళీ రోడ్డు. ఎవరూ లేరు. తెర వైపు చూశాను. బొమ్మ ఉంది. ఎర్రగా మారింది. మళ్లీ అద్దంలోంచి చూశాను. ఎవరూ లేరు.

"ఎవల్రా?" అన్నాను.

"ఎవలూ లేరక్కా... ఎవలూ లేరు..."

అప్పుడు విన్నాను. నా తలుపు పక్కన. బయట. సర్‌ర్‌ర్... మెల్లగా. ముందు నుంచి వెనక్కి. ఇరవై ఏళ్లుగా బట్టల చప్పుడు విన్న చెవులు నావి. అది కొమ్మ రాసుకున్న చప్పుడు కాదు. అది బట్ట. గంజి పెట్టిన కొత్త బట్ట రేకు మీద రాసుకున్న చప్పుడు. ఆగింది. మళ్లీ... సర్‌ర్‌ర్...

నేను తల తిప్పి చూడలేదు. నిజం చెబుతున్నాను, మెడ తిరగలేదు.

తెర మీద రెండు బొమ్మలూ అలాగే ఉన్నాయి. పక్కది కదలదు. ముందుది మాత్రం... మసకబారి పోతుంది, మళ్లీ వస్తుంది. పోతుంది... వస్తుంది.

"పోనీయ్!" అని అరిచాను.

"అక్కా, అది మనిషి అంటుందే—"

"ఎవలూ లేరుగా! ఆపొద్దురా ఈడ! పోనీయ్!"

వాడు ఎక్సలేటరు నొక్కాడు. బండి ఒప్పుకోలేదు. కుయ్యోమని మొత్తుకుంది. ఇంకా గట్టిగా నొక్కాడు. ఒక్క దూకు దూకింది. టైరు కింద ఏదో... మెత్తగా... రోడ్డు అతుకేమో, గోనె సంచేమో... ఒక్కసారి ఎత్తేసి దించింది. తెర మీద బొమ్మలు లేవు. చప్పుడు ఆగిపోయింది.

నేరుగా కుంట వచ్చేశాం. వెనక్కి తిప్పుదామా అని వాడు అనలేదు. నేనూ అనలేదు. ఇది మాత్రం దాచను మీ దగ్గర.

తెల్లారాక శీను కారు చూస్తుంటే కేక వేశాడు. ముందు బంపరు సందులో ఒక తువ్వాలు ఇరుక్కుని ఉంది. తెల్లది, ఎర్రంచుది. రక్తం లేదు. చిరుగు లేదు. కొస పట్టుకుని చూశాను. మూల మీద ఆకుపచ్చ దారం ముడి. నా కొట్టులో అంచు కుట్టిన ప్రతి తువ్వాలుకీ నేను వేసే గుర్తు అది.

ఎవరికి అమ్మానో కూడా గుర్తుంది. బచేలి వెళ్లే ముందు రోజు. ఉంగయ్య. ఎర్రబోరు వైపు మనిషి, దొర్ల తెగ ఆయన. ఏడాదికి ఒకసారి వస్తాడు. ఈసారి ఒకటి కాదు, రెండు తీసుకున్నాడు.

"రెండెందుకు అన్నా?" అని అడిగాను.

"మా తమ్ముడు పోయిండు అక్కా. సంత నాడు రాయి నిలబెడతన్నం. ఒకటి రాయికి... ఒకటి నాకు."

దొర్లవాళ్లు పోయిన మనిషి పేరున రోడ్డు పక్కన రాయి నిలబెట్టి, దానికి కొత్త బట్ట చుడతారు. మేం వచ్చింది సంత రోజే.

మేం అప్పటికప్పుడు వెనక్కి వెళ్లాం. పగటి వెలుగులో ఆ చోటు చాలా మామూలుగా ఉంది. రోడ్డుకు ఎడమ పక్కన మూడు రాళ్లు. రెండు పాతవి. ఒకటి కొత్తది, మనిషంత ఎత్తు. దాని కింద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, పసుపు చల్లి ఉంది. దానికి తువ్వాలు లేదు. రోడ్డు మీద ఏమీ లేదు. మరక కూడా లేదు. శీను మోకాళ్ల మీద కూర్చుని తారు మీద చెయ్యి పెట్టి వెతికాడు. వాణ్ణి అలా చూడలేకపోయాను.

గాలికి రాయి మీది తువ్వాలు ఎగిరి బండికి చుట్టుకుని ఉండవచ్చు. అదే నా తలుపుకు రాసుకుని ఉండవచ్చు. అంతే అయి ఉండవచ్చు... మరి రెండో బొమ్మ ఎవరిది?

పోలీసు చౌకీలో అడిగాం. ఏ కబురూ రాలేదన్నారు. ఊళ్లో అడిగాం. ఉంగయ్య గుడిసెకు తడిక కట్టేసి ఉంది. పక్కింటి ముసలమ్మ మమ్మల్నీ, మా కారునూ మార్చి మార్చి చూసింది.

"మిరప కోతలకు పోయిండేమో బిడ్డా. అటు ఆంధ్ర దిక్కు. ఏటా పోతడు."

"ఎప్పుడు పోయిండు అవ్వా?"

"సంత నాటి నుంచి కనపడ్తలేడు."

శీను కారును జగదల్‌పూర్ తీసుకెళ్లాడు. సర్వీసు వాళ్ల కుర్రాడు కంప్యూటరు తగిలించి అంతా చూశాడట. హిందీలో చాలా హుషారుగా చెప్పాడట. "బండిలో ఏ తప్పూ లేదు సార్. మనిషి ఉన్నాడని గుర్తుపట్టింది, ఆగింది. మీరే ఎక్సలేటరు తొక్కారు."

"ఉన్నది మనిషేనా, రాయా?" అని శీను అడిగాడట.

"అది చెప్పలేం సార్. మనిషిలా నిలబడి ఉంటే మనిషనే అనుకుంటుంది. అనుమానం వస్తే ఆగుతుంది. అంతే."

తప్పు బండిది కాదని తేలింది, వాళ్ల పని అయిపోయింది. ఎదురుగా ఎవరున్నారో మాత్రం ఎవరికీ అక్కర్లేదు. నాకు మండిపోయింది. కానీ ఎవరి మీద మండాలి? అనుమానం వస్తే ఆ ఇనుము ఆగింది. అనుమానం వస్తే మేం పోయాం. పొమ్మని అరిచింది నేను. శీను ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండును.

ఆ తువ్వాలు నా మిషన్ సొరుగులో ఉంది. ఉతకలేదు. ఉతికితే గంజి పోతుంది. గంజి ఉందంటే అది ఎవరూ ఒక్కరోజైనా భుజాన వేసుకోనిది, రాయికి చుట్టినదే అని నాకు నేను చెప్పుకుంటాను. కాసేపు బాగానే ఉంటుంది. కానీ సంతకని కొత్త తువ్వాలు మొదటిసారి భుజాన వేసుకుని బయలుదేరిన మనిషిది కూడా గంజితోనే ఉంటుంది కదా...

మిరప కోతలు అయిపోయాయి. అటు వెళ్లినవాళ్లు జీపుల మీద తిరిగి వస్తున్నారు. రోజూ కొట్టు ముందు నుంచే వెళ్తారు. నేను మిషన్ ఆపి ఒక్కొక్క ముఖమూ చూస్తున్నాను. ఎర్రంచు తువ్వాలు వేసుకున్న మనిషి కనపడితే వీధిలోకి పరిగెత్తి మూల పట్టుకుని ముడి చూస్తున్నాను. పిచ్చిదనుకుంటున్నారు, అనుకోనీ.

ఉంగయ్య వచ్చేది ఏడాదికి ఒకసారే. ఇంకా తొమ్మిది నెలలు ఉంది.