సుధాకర్ రోజూ అడిగిన ప్రశ్న: మైనస్ వచ్చిందా?

నిన్న పదకొండున్నరకి మౌనిక ఫోన్ చేసింది.

"సుధాకర్ సార్ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద పడిపోయిండ్రు సార్. హాస్పిటల్‌కి తెచ్చేసరికే..."



నేను రిపోర్టర్‌ని. అలవాటుగా "కన్ఫర్మా?" అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సుధాకర్ ఫిజిక్స్ ప్రొఫెసర్. తార్నాకలో ఆరేళ్లు నా రూమ్మేట్. మౌనిక అతని దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది.

నీ పనేంటని ఒకసారి టీ కొట్టు దగ్గర అడిగితే ఇలా చెప్పాడు: "ఏ అణువూ ఒంటరిగ ఉండదురా. చుట్టూ ఉన్న వేడి, వెలుతురు దాన్ని కదిలిస్తనే ఉంటయ్. అట్ల కదిలితే ఏమైతదో కంప్యూటర్‌ల లెక్క కడతం. గంతే."

పోయిన ఏడాది వాళ్ల పరిశోధన పేపర్‌ని ఒక జర్నల్ ఓకే చేసింది. నేను వార్త రాసి డెస్క్‌కి పంపాను. సాయంత్రం సుధాకర్ ఫోన్.

"వార్త ఆపురా."

క్యాంపస్‌కి వెళ్లాను. స్క్రీన్ మీద ఒక సంభావ్యత సున్నా కంటే కొంచెం కిందికి దిగి ఉంది. ఏదైనా జరిగే అవకాశం సున్నా కావచ్చు. మైనస్ కాకూడదు. లెక్క తొందరగా తేలాలని వాళ్లు ఒక షార్ట్‌కట్ వాడారు: అణువు చుట్టూ ఉన్న పరిసరాలు జరిగినదాన్ని వెంటనే మరిచిపోతాయని అనుకున్నారు. అవి మరిచిపోలేదు.

"చాలా చిన్న నంబర్ సార్. ఎవరు చూస్తరు?" అంది మౌనిక.

"నువ్వు చూసినవ్ గదమ్మా."

"వచ్చే జూన్‌ల ఫెలోషిప్ అయిపోతది సార్. పేపర్ లేకుంటే థీసిస్ ఎట్ల?"

సుధాకర్ మా ముందే జర్నల్‌కి మెయిల్ కొట్టి పేపర్ వెనక్కి తీసుకున్నాడు.

ఆమె పది రోజులు అతనితో మాట్లాడలేదు.

తర్వాత ఇద్దరూ షార్ట్‌కట్ లేకుండా కోడ్ మళ్లీ రాశారు. కంప్యూటర్‌లో ఒక్కో రన్‌కి మూడు వారాలు. రెండు మళ్లీ మైనస్ వచ్చి ఫెయిలయ్యాయి.

రోజూ పొద్దున గుడ్ మార్నింగ్ బదులు "మైనస్ వచ్చిందా?" అంటూ ల్యాబ్‌లోకి వచ్చేవాడు.

"రాలే సార్. మీరే అడిగి అడిగి తెప్పిచ్చేటట్టున్నరు" అనేది మౌనిక.

మూడో రన్ ఇప్పుడు నడుస్తోంది. ఇంకా నాలుగు రోజులు పడుతుంది. ఇది కూడా ఫెయిలైతే జూన్‌లోపు మరోటి పెట్టే టైం లేదు.

ఈ ఉదయం అంత్యక్రియలు అయ్యాక మౌనిక ఇంటికి వెళ్లి స్నానం చేసి, నేరుగా ల్యాబ్‌కి వెళ్లింది. మధ్యాహ్నం నాకు మెసేజ్ పెట్టింది.

"రాలే సార్."

గెలిచాం అని రాయను. ఇంకా నాలుగు రోజులున్నాయి. నువ్వున్నా రాయనిచ్చేవాడివి కాదు.

వెళ్లిరా సుధాకర్. ప్రశాంతంగా ఉండు.

రేపు పొద్దున ఆ ప్రశ్న నేను అడుగుతాను.