ముడి వేసిన సంచి

నా మనవరాలు చెయ్యి చాపగానే బస్సులో పక్క సీటులోని యువకుడు తన కాళ్ళ దగ్గరున్న ప్లాస్టిక్ సంచిని విసురుగా పక్కకు లాక్కున్నాడు. పాప బిక్కమొహం వేసింది. గట్టిగా ముడి వేసిన ఆ సంచిలో ఏముందోనని నాకు అనుమానం వచ్చింది.

సింగపూర్ శివార్లలోని క్రాంజీ వైపు నుంచి వస్తున్న బస్సు అది. కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు అక్కడ వరసగా దిగుతున్న రోజులు. నేను పాపను తెలుగులో సముదాయించడం విని అతను ఇటు తిరిగాడు.

"ఏమనుకోకండి అంకుల్. షూటింగ్ క్లబ్ నుంచి వస్తున్నా. ఇందులో నా బూట్లు, షర్టు ఉన్నాయి. తూటాలు పేల్చినప్పుడు సీసం పొడి వాటికి పడుతుంది. అది విషం, పిల్లలు ముట్టుకోకూడదు."

"మరి నీ ఒంటికి పట్టదా?" అన్నాను, నమ్మకం కుదరక.

"సబ్బుతో స్నానం చేసే బస్సెక్కా. ఇవి విడిగా ఉతుక్కుంటా. ప్రతి ఆదివారం బయట స్నానం చేసొస్తున్నానని మా ఆవిడకి డౌటు."

"విషయం చెప్పలేకపోయావా?"



"చెప్తే, మరి ఇన్నాళ్ళూ ఏం చేశావని అడుగుతుంది అంకుల్. ఈ సీసం సంగతి తెలియక ఏడాదిపాటు ఆ షర్టుతోనే ఇంటికెళ్ళి మా బాబుని ఎత్తుకున్నా."

అతను క్లెమెంటిలో దిగిపోయాడు. బాబు ఒంట్లో సీసం చేరిందేమో చూసే రక్తపరీక్ష అప్పటికి చేయించలేదని దిగేముందు చెప్పాడు. చేయించాలంటే ముందు ఆవిడకు చెప్పాలి.