జాయ్‌స్టిక్‌కు పూసిన గంధం

ఈ ఉదయం ఆయుధపూజకు మా ఆయన బండికి గంధం పూస్తుంటే, ఆ వాసనకు చిత్తూరులో మా మేనమామ ఇల్లు గుర్తొచ్చింది. పండగనాడు పార మొదలు కుట్టుమిషను దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేవాళ్ళం. మీ ఇళ్ళలోనూ అంతే కదా?

ఒక ఏడాది పండగకు ముందు మామ కొడుకు శేఖర్ బావకు కంప్యూటర్ కొన్నారు. అందులో విమానం ఆట, దాన్ని నడపడానికి జాయ్‌స్టిక్. ఆ జాయ్‌స్టిక్‌కు గంధం పూసే పని మా అక్కకు దక్కింది. నాకు గడ్డపార ఇచ్చారు. కడుపు మండిపోయింది.

మరునాడు విమానం ముక్కు దానంతటదే పైకి లేచి, కాసేపటికి కూలిపోతోంది. బావ ఆటలో ఏవేవో మార్చి చూశాడు. చివరకు జాయ్‌స్టిక్ తడిమితే, దాని మొదలు దగ్గర గంధం గడ్డకట్టి, విమానాన్ని పైకి లేపడానికి వెనక్కి లాగినట్టే అది బిగుసుకుపోయి ఉంది.

అక్కకు తిట్లు పడతాయని నాకు లోలోపల ఒకటే సంబరం.

"దేవుడికైనా ఇంత పూస్తారా మే!" అని బావ అక్కను చూసి నవ్వాడు. నావైపు తిరిగి, "పాపా, తడిగుడ్డ తెచ్చి తుడువు" అన్నాడు.

పుల్లతో గీకి, శుభ్రంగా తుడిచాను.

"దా మే, నువ్వే నడుపు, సూద్దాం" అని బావ అక్కను కుర్చీలో కూర్చోబెట్టాడు.

విమానం తిన్నగా ఎగిరింది. అది ఒక్కసారైనా కూలిపోవాలని, తడిగుడ్డ పిండుతూ ఎంత కోరుకున్నానో!