బ్రిటన్ మాట నమ్మి మంద ఇడిసిన నరసింహప్ప

మా యింటాయన నరసింహప్పకు ఒగ పూట కూడు లేకపోయినా జరుగుతాది గానీ మాట్లాడేదానికి మనిషి లేకపోతే జరగదు. ఇంకో గుణం కూడా ఉండాది. తప్పు ఎప్పుడూ ఆయప్పది కాదు. కాలికి రాయి తగిలితే ఆడ రాయి ఏసినోడిది తప్పు. సంగటి గట్టిపడితే నాది తప్పు. ఆయన పొద్దుపోయి వచ్చినాడని మాత్రం ఎవురూ అనకూడదు. నన్ను గంగవరం పక్కనించి పుంగనూరు కాడి ఈ పల్లెకు ఇచ్చినప్పట్నించీ ఇదే వరస. నేనూ ఊరికే పడే మనిషిని కాదులెండి, ఈ నంజమ్మ నోరు పల్లెంతా ఎరిగిందే.

మాది జీవాల బతుకు. ఆరిళ్ళోళ్ళ గొర్రెలూ మేకలూ కలిపి ఒగటే మంద. దినానికి ఇద్దరు మేపుకోని వస్తే మిగిలినోళ్ళు సేని పని సూసుకుంటారు. మందను యాడికి తోలల్ల, ఎరువు కోసరం ఎవురి సేన్లో కట్టల్ల అనేది అందరూ కూసోని తేల్చుకుంటారు. మా ఆయనకు జంట రామప్ప. సిన్నప్పట్నించీ ఇద్దురూ ఒగే జట్టు. వాళ్ళ వంతు వచ్చిందంటే గుట్ట మీద పొద్దంతా వాదులాటే. ఇంటికొచ్చినాక కూడా ఈయప్ప "ఆ రామప్పకు ఏం తెలుసులే" అని తనలో తనే నవ్వుకుంటాండేవాడు.

కరోనా రాకముందు సంవత్సరం మా కల్పన పుంగనూరు మిషన్ బడిలో పదో తరగతి. ఆడ సోషల్ సెప్పే విమల మేడమ్ దాన్ని డిబేట్‌కు ఎత్తుకునింది. మదనపల్లిలో పోటీ, దాంట్లో గెలిస్తే కుప్పంలో ఇంకోటి. బ్రిటన్ దేశం యూరప్ దేశాల కూటమిలో ఉండల్నా, ఇడిసి పోవల్నా అనేది విషయం. అప్పటికింకా ఆ దేశం పోతాదో ఉంటాదో తేలలేదు. చీటీలు ఏస్తే మా పిల్లకు "పోవల్ల" అనే పక్కం వచ్చిందంట. ఈ చీటీల సంగతి మాకు తెలీదు. తెలిసుంటే ఈ గొడవే లేదు. మేడమేమో "ఇంట్లోవాళ్ళ ముందర మాట్లాడు, వాళ్ళు ఒప్పుకునేదాకా వదలద్దు" అని సెప్పి పంపింది.

మా కల్పన వదల్లేదు. దినమ్మూ మాపటేళ వాళ్ళ నాయన ముందర బ్రిటన్ మనిషి మాదిరి నిలబడుకునేది. "మనం కట్టేది ఎక్కువ నాయనా, మనకొచ్చేది తక్కువ. మన గడపలోకి ఎవురు రావల్లో, మన చట్టం ఎట్లుండల్లో ఇంకో ఊర్లో కూసున్నోళ్ళు సెప్పేదేంది? ఒగరమే ఉంటే మన ఇష్టమొచ్చిన దేశంతో బేరం సేసుకోవచ్చు" అనేది. ఈయన ఊరుకుంటాడా? "సరుకు సుంకం లేకుండా పోతాండాదంటివే, అది పోగొట్టుకుంటారా?" అనేవాడు. దానికీ బదులు దాని నోట్లోనే ఉండేది. నేను పొయ్యి కాడ కూసోని ఇంటాంటి. నా బిడ్డ అంత బాగా మాట్లాడతాంటే నాకు కడుపు నిండిపోయేది. కడాకు ఒగ దినం ఆయప్ప "నువ్వు సెప్పేది నిజమేమ్మా" అన్యాడు.

బిడ్డ మదనపల్లిలో గెలిచి వచ్చింది. ఆ మరుదినం తెల్లారి ఈయప్ప పోయి మందలోనించి మా జీవాల్ని ఏరుకోని ఇంటికి తోలుకోనొచ్చినాడు.

"అందరికన్నా ఎక్కువ జీవాలు నావి. యాడికి తోలల్ల అంటే మాత్రం ఆరు మాటల్లో నాదీ ఒగ మాట. బ్రిటన్ గతే నాది గూడా. సదువుకున్న బిడ్డ సెప్పినాక ఇనల్ల గదా" అన్యాడు.

కల్పన "అది డిబేట్ కోసరం సెప్పింది నాయనా" అని ఏదో అనబోయింది. "అయితే నువ్వు సెప్పింది అబద్ధమా?" అని ఆయన తిరుక్కుంటే లోపలికి పోయింది.

ఇంక సూడండి ఆయన పాట్లు. దినమ్మూ తనే పోవల్ల, ఒగడే పోవల్ల. గొర్రెలు తలకాయలెత్తి పాత మంద పోయిన దావ తట్టు సూసి అరిసేవి. ఇంటికొచ్చి నాతో వాదులాటకు దిగేవాడు. నేను పనిలో పడి బదులియ్యకపోతే మేకతో మాట్లాడేవాడు. నాకు నవ్వొచ్చేది, ఆమీదనే ప్రాణం ఉసూరుమనేది. "పోయి కలిసిపోప్పా" అంటే తలకాయ అడ్డంగా ఊపేవాడు. మా మందకు ఒగ కట్టుబాటు ఉండాది. ఇడిసి పోయినోడు తిరిగి రావల్లంటే అందరి ముందర నిలబడి ఎందుకు పోయినాడో, యాల వచ్చినాడో నోరు తెరిసి సెప్పల్ల. మా ఆయనకు అంతకన్నా కష్టమైన పని లేదు.

కుప్పం పోటీ దగ్గిరపడింది. ఒగ మాపటేళ ఈయప్ప దొడ్డి కాడ టక్కున నిలబడిపోయినాడు. లోపల కల్పన గొంతు. "బ్రిటన్ పోకూడదు. ఈ దినం నేరుగా పోయే సరుకు రేపు గేటు కాడ నిలబడల్ల. ఐర్లండులో కొంత బ్రిటన్‌ది, మిగిలింది వేరే దేశం, ఆ నడిమధ్యలో మళ్ళీ కంచె ఏస్తారా? ఇరుగుపొరుగుతో పని లేని ఇల్లు యాడుండాది?" అంటాండాది.

"మొన్న పోవల్లంటివి, ఇప్పుడు పోకూడదంటాండావు. ఏది నిజం?" అని అడిగినాడు.

బిడ్డ బోరుమనింది. "చీటీలో ఏది వస్తే అది మాట్లాడల్ల నాయనా. ఈసారి ఇది వచ్చింది. నువ్వు మందే ఇడుస్తావని నాకేం తెలుసు? నేనే వచ్చి అందరికీ సెప్తా, నా వల్లేనని."

ఆ ఆరిళ్ళలో పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే. ఈ మాట బయట పడితే ఆడపిల్లను సదివిస్తే మంద ఇరిగిందంటారు. రామప్ప మనమరాలు ఆరో తరగతిలో ఉండాది, దాన్నీ మాన్పిస్తారు. ఇంక మాదాన్ని కుప్పం యాడ పంపేది, ఆమీద కాలేజీకి యాడ పంపేది? ఆయప్ప గుణం నాకు తెలుసు. తప్పు తోసేదానికి ఈసారి బిడ్డే దొరికింది. తోసినా అబద్ధం గూడా కాదు.

కుప్పం పోయే దినం పొద్దన్నే ఆయప్ప జీవాల్ని తోలుకోని మంద కాడికి బయలుదేరినాడు. నేనూ, బడి గుడ్డలేసుకున్న కల్పనా ఎనకే పోతిమి. అందరూ ఆడనే ఉండారు. రామప్ప కట్టె మీద గెడ్డం ఆనించుకోని, "సెప్పప్పా, యాల పోతివి?" అన్యాడు.

కల్పన ముందరికొచ్చి, "మామా, నా వల్ల..." అనింది.

"నువ్వు ఉండమ్మా" అని ఆయప్ప గదమాయించె. తలకాయ దించుకోని, "నాకు తిక్క ముదిరి పోతినప్పా. నా జీవాలు ఎక్కువని పొగరెక్కింది. నాకు ఎవురూ సెప్పలేదు. తప్పు నాదే" అన్యాడు.

"మరి వచ్చింది యాల?"

"మాట్లాడేదానికి ఎవురూ లేరు. నాకు సేత కాలేదు."

"నాకు మాత్రం ఎవురుండారు?" అని రామప్ప కట్టె పక్కకు తీసి దావ ఇచ్చె. గొర్రెలు తోసుకుంటా పోయి కలిసిపోయినాయి.

ఇన్నేండ్ల కాపురంలో తప్పు నాదే అనే మాట ఆయప్ప నోట్లోనించి నేను ఇనింది ఆ పొద్దే. అదీ బిడ్డ మీదికి రాకూడదని. నాకు కండ్లనిండా నీళ్ళొచ్చె. ఆయన మా తట్టు సూడనన్నా సూడకుండా, "ఇంకా నిలబడుకోనుండారే, పలమనేరులో బస్సు మారల్ల గదా, పోండి" అని కసురుకున్యాడు.