వాగులో దిగబడ్డ ఇల్లు

పంపకాల నాడు ఎవరూ అడగని వస్తువు మా బాపు, అంటే మా నాన్న, వాడిన షికారు మోటారు. జాగీర్లు రద్దయ్యాక పాలివాళ్ళందరూ మా దొరల గడిలో కూర్చుని మామిడితోట ఎవరిది, ఊటబావి ఎవరిది అని మూడు రోజులు వాదించుకున్నారు. బేరమాడడం నాకు రాదు, మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆఖరున ఒక పెద్దాయన "మరి నీకేం కావాలె?" అని అడిగితే, పశువుల కొట్టంలో కోళ్ళు కాపురం పెట్టిన ఆ మోటారు వైపు చూపించాను. అందరూ నవ్వారు. ఇద్దరు జీతగాళ్ళ చేత దాన్ని బయటికి తోయించి, పక్కన నిలబడి చూశాను.

లారీ చట్రం మీద టేకు చెక్కలతో కట్టించిన చిన్న గది అది. రెండు పక్కలా పడుకునే బల్లలు, వాటి కింద సామాను పెట్టెలు, వెనక గోడకు మడతపెట్టే చెక్క, దోమలు రాకుండా కిటికీలకు ఇనుప జాలి. అడవిలో నాలుగు రోజులు ఉండడానికి బాపు కట్టించుకున్నాడు. తుపాకులు ఆనించే కొయ్య దిమ్మె మాత్రం ఖాళీగా ఉండేది. మా ఆవిడ దానికి గరిటెలు, జల్లెడ, రెండు గొడుగులు తగిలించింది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాదికి అటూ ఇటూగా నాకు జంగల్ కంట్రాక్టరు దగ్గర కర్ర కొలిచే పని దొరికింది. అడవిలో సర్కారు వేలం వేసిన ముక్కలను కూపులంటారు. ఒక కూపులో వారం, ఇంకో కూపులో పది రోజులు ఉండి, నరికిన దుంగల పొడవు, చుట్టుకొలత రాసుకోవాలి. సన్న దుంగలు మందమర్రి బొగ్గు గనులకు పోయేవి, లావువి మంచిర్యాల స్టేషనుకు. ఇలాంటి పనికి కిరాయి ఇల్లు దండగ. మోటారునే ఇల్లు చేసుకున్నాం. ఇది సర్దుబాటు అని చెప్పుకునేవాణ్ణి గాని, ఒకరి వాకిట్లో నిలబడి గది అడగడం నా వల్ల కాదన్నది అసలు సంగతి.

మేము తల్లిని అవ్వ అంటాం. మా అవ్వకు ఇద్దరు కూతుళ్ళున్నారు, ఇద్దరూ కలిగిన ఇళ్ళల్లో పడ్డవాళ్ళే. వాళ్ళు ఎంత పిలిచినా పోలేదు. "అన్నం మంచిగనే పెడ్తరు. కని తలుపు వాళ్ళది" అన్నది. ఒక ట్రంకు పెట్టె, ఒక మామిడి తొక్కు పచ్చడి జాడీతో వచ్చి ఎడమ పక్క బల్ల మీద కూర్చుంది. అది ఆమె జాగా అయింది. దిగేటప్పుడు తలుపు తనే వేసేది, తాళంచెవి కొంగున కట్టుకునేది.

ఆ బండిని నడపడం కంటే బతికించుకోవడం పెద్ద పని. ఎండాకాలంలో టేకు చెక్కలు ఎండి సందులు పడేవి, వానకు ఉబ్బి తలుపు పట్టుకునేది. పైకప్పు టార్పాలినుకు ఏడాదికోసారి తారు పూయాలి. గుట్టెక్కితే రేడియేటరు మసిలేది. అందుకని రెండు డబ్బాల నీళ్ళు ఎప్పుడూ వెంట ఉండేవి, వాటిని తాగడానికి ముట్టకూడదని అవ్వ శాసనం. కమాను పట్టీలకు గ్రీజు పెట్టకపోతే ప్రతి గుంతకూ మూలిగేవి. మంచిర్యాలలో ఒక మిస్త్రీ ఉండేవాడు, మిషన్ చర్చికి పోయే మనిషి. మొదటిసారి నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఇది చూడు, అది చూడు అంటుంటే, బండి కింద నుంచి తల బయటికి పెట్టాడు.

"దొరా, గీ బండి హుకుంకు ఇనది. చేత్తో ముట్టుకుంటె ఇంటది. జర గా పానా అందుకో."

అందుకున్నాను. రెండేళ్ళలో ట్యూబుకు ప్యాచీ వేయడం, ప్లగ్గులు గీకడం, హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు విరగకుండా పట్టుకోవడం అన్నీ ఆయనే నేర్పాడు. ఆయన ముందు కూర్చుని నేర్చుకున్న విద్య నాకు నిజాం కాలపు బడిలో దొరకలేదు.

ఇక ఆ రోజు సంగతి.

మిరుగు, అంటే మృగశిర కార్తె, ఇంకా సరిగా రాలేదు. బోథ్ అవతల కూపు పని ముగించుకుని, వానలు పడకముందే మంచిర్యాల చేరాలని బయల్దేరాం. అవ్వకు మూడు రోజులుగా చలిజ్వరం. దారిలో ఒక వాగు దాటాలి. వంతెన లేదు. నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. నడిమికి పోయేసరికి ఎడమ పక్క వెనక చక్రం ఇసుకలో కూరుకుపోయింది. ఎంత తిప్పినా ఇంకా లోపలికి దిగింది తప్ప కదలలేదు. పొద్దు నడినెత్తికి రాలేదింకా, అయినా ఎగువన గుట్టల మీద ఆకాశం నల్లగా ఉంది. అక్కడ వాన పడితే ఇక్కడికి నీళ్ళు రావడానికి ఎంతో సేపు పట్టదని ఆ ప్రాంతం తెలిసిన వాళ్ళందరికీ తెలుసు.

"అవ్వా, దిగు. ఎత్తుకపోయి గట్టు మీద కూసోబెడ్త" అన్నాను.

"దిగ" అన్నది అవ్వ, దుప్పటిలోంచే.

"వాగు వస్తది."

"ఒక్కపారి ఇల్లిడిసి దిగిన. మళ్ల దిగ. నీ పెండ్లాన్ని తీస్కొని నువ్వు పో."

మా ఆవిడ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "నేనేడికి పోత? జాడీ ఎవరు పట్టుకుంటరు?" అన్నది. మాట తేలిగ్గానే అన్నది గాని ముఖం పాలిపోయి ఉంది.

అంటే మోటారును కదిలించాలి, అదీ నీళ్ళు రాకముందే. అవతలి గట్టు మీద ఊరు కనిపిస్తోంది. పదిహేను ఇళ్ళుంటాయి, పొయ్యిల పొగ లేస్తోంది. నేను ఏం చేయాలో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బాపుతో వచ్చినప్పుడు మోటారు దిగబడితే హారను కొట్టేవాళ్ళం. రబ్బరు బుగ్గ ఉన్న ఇత్తడి హారను, మైలు దూరం వినపడేది. అది మోగితే మనుషులు వచ్చేవారు. తోసి వెళ్ళిపోయేవారు. వాళ్ళు ఎందుకు వస్తారని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

బుగ్గను గట్టిగా ఒత్తాను. రెండుసార్లు, మూడుసార్లు.

ఊళ్ళో కదలిక కనిపించింది. మనుషులు బయటికి వచ్చారు. వచ్చి వాగు వైపు కాకుండా, అవతలి మోదుగు పొదల వైపు ఉరికారు. ఆడవాళ్ళు పిల్లలను చంకన వేసుకుని ఉరికారు. వినపడలేదేమోనని నేను మళ్ళీ ఒత్తాను. ఇంకా జోరుగా ఉరికారు.

"ఇగ ఒత్తకు" అన్నది మా ఆవిడ. "ఇంకోపారి ఒత్తితె మహారాష్ట్రల తేల్తరు."

చెప్పులు విడిచి నీళ్ళలో నడిచి ఊళ్ళోకి పోయాను. మొదటి ఇంటి ముందు ఒక ముసలామె జొన్నలు చెరుగుతోంది. అందరూ పోయినా ఆమె మాత్రం లేవలేదు.

"ఊరోళ్లంత ఏడికి పోయిండ్రు?" అని అడిగాను.

"గా బుగ్గ మోగంగనె ఉర్కిండ్రు. హాకా కొట్టనీకి ఎవలు దొరుకుతరు గిప్పుడు?"

హాకా అంటే షికారులో జంతువులను అదిలిస్తూ దొరల తుపాకుల ముందుకు తరిమే పని. కూలి లేని వెట్టి. ఆ హారను ఎందుకు మోగేదో ఆ ఊరు పదేళ్ళయినా మరిచిపోలేదు.

"షికారు లేదు, తుపాకి లేదు. బాపు పోయి ఏండ్లయింది. నేను ఆయన కొడుకుని."

ఆమె చాట ఆపకుండానే నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. "ఎరికైతనే ఉన్నది. నిలవడ్డ తీరు గదే. మరి ఎందుకొచ్చినవ్?"

"మోటారు దిగబడ్డది. మనుషులు గావాలె."

"మనుషులు గావాలెనంటె ఉన్నరు. అడుగు మరి."

"అడుగుతున్న గద."

"గది అడుగుడా? నాకు చెప్పినట్టున్నది."

అడగడమంటే ఏ మాటతో మొదలుపెట్టాలో నిజంగానే తెలియలేదు. వెనక గుట్టల మీద ఉరిమింది. అప్పుడు నోటికి వచ్చినట్టు చెప్పాను.

"పెద్దమ్మా, బండిల మా అవ్వ ఉన్నది. జరమొచ్చింది. గదే మా ఇల్లు, ఇడిసి దిగ అంటున్నది. వాగొస్తె పోతది. నా ఒక్కనితోటి కాదు."

నా ఒక్కనితో కాదు అన్న మాట పుట్టిన తర్వాత అదే మొదటిసారి అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. మోదుగు పొదల వైపు తిరిగి, ఆ వయసులో ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, కేక వేసింది.

"ఓ... రాండ్రి. హాకా కాదు. ఒక ముసల్ది బండిల ఇరుక్కున్నదట. రాండ్రి జల్ది."

పొదల్లోంచి ఒక్కొక్కరే లేచారు. మొదట వచ్చిన నడివయసు మనిషి, ఆ ముసలామె పెద్ద కొడుకు, నా ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. అటువైపు అన్నను దాదా అంటారు.

"దాదా, బుగ్గ ఇంకోపారి ఒత్తు. మా తమ్ముడు ఇంక ఉర్కుతనే ఉన్నడు."

నాలుగు జతల ఎడ్లు, మోట తాళ్ళు తెచ్చారు. చక్రం కింద మోదుగు కొమ్మలు పరిచారు. నేను అలవాటుగా ఎక్కి స్టీరింగు ముందు కూర్చోబోతే ఆ పెద్ద కొడుకు అడ్డం వచ్చాడు.

"పట్టుకునుడే గద, గది మీ ఇంటామె పట్టుకుంటది. నువ్వు దిగి తొయ్యి. భుజాలు మంచిగున్నయి."

మా ఆవిడ ముందుకు వచ్చి కూర్చుంది. ముసలామె ఎవరినీ అడగకుండా మోటారెక్కి, అవ్వ పక్కన బల్ల మీద కూర్చుని ఆమెను రెండు చేతులా పట్టుకుంది. నేను వెనక చెక్కకు భుజం ఆనించాను. నా సొంత ఇంటిని ముట్టుకుని తోయడం అదే మొదలు. "జోర్ లగాకే" అని ఒకరంటే "హైసా" అని అందరూ. నేను అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా తోస్తున్నానని పక్కవాడు చెప్పాడు. ఆ తర్వాత సరిగా కలిశాను. కిటికీ జాలిలోంచి అవ్వ గొంతు వినపడింది. "మెల్లగ నూకుండ్రి, నా తొక్కు జాడి పగుల్తది."

"జాడి పగిల్తె తొక్కు మేమే ఎత్తుకుంటం తియ్యవ్వా" అన్నాడెవరో.

నాలుగోసారికి చక్రం లేచింది. ఎడ్లు గట్టు ఎక్కించాయి. మేమింకా చేతులు కడుక్కోకముందే వాగు నిండా ఎర్రనీళ్ళు దిగాయి. మోటారు నిలిచిపోయిన చోట ఒక చెట్టు మొద్దు దొర్లుకుంటూ పోయింది. మా ఆవిడ స్టీరింగు పట్టుకునే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే నేను విడిపించాను.

అప్పుడు నేను చేతి గడియారం విప్పి ముసలామె కొడుకు ముందు పెట్టాను. ఇవ్వదగింది అదొక్కటే ఉంది. ఆయన వెనక్కి జరిగాడు. ముసలామె మోటారు మెట్టు మీద నుంచి అన్నది.

"గది తీస్కుంటె కూలైతది. ఊకె పోతె వెట్టైతది. రెండు వద్దు. గిది బదులు."

బదులంటే ఏమిటో నాకు తెలియదని అర్థం చేసుకుని, వాళ్ళే చెప్పారు. ఇవాళ నీ చేన్లో నేను చేస్తాను, రేపు నా చేన్లో నువ్వు చేస్తావు. మనిషికి మనిషి, రోజుకు రోజు. ఊళ్ళన్నీ అలాగే నడుస్తాయట. ఆ ఊళ్ళ మధ్యనే పుట్టి పెరిగి ముప్పై ఐదేళ్ళ వయసులో ఆ మాట విన్నాను. గడిలో ఆ మాట అవసరం ఎప్పుడూ రాలేదు.

వాన ఆగి ముందు దారి ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. మోటారును ముసలామె వాకిట్లోనే నిలిపాం. మూడో రోజు అవ్వకు జ్వరం దిగింది. నేను కమాను పట్టీల్లో ఇసుక కడుగుతుంటే తలుపు చప్పుడైంది. అవ్వ తనంతట తను మెట్టు దిగి, ముసలామె పక్కన కూర్చుని చాట అందుకుంది. తలుపు వేయలేదు. నేను వేయబోతే, "ఉండనియ్యి, గాలి రానియ్యి" అన్నది.

మా బదులు అడగడానికి ముసలామె కొడుకు పొలాలమావాస్య దాటాక కూపుకు కబురు పంపాడు. జొన్న చేను కలుపుకు రమ్మని. ముగ్గురమూ మోటారులో వెళ్ళాం. నాకు ఒక సాలు ఇచ్చారు. పక్క సాళ్ళ వాళ్ళు చేను చివర చేరి నీళ్ళు తాగుతుంటే నేను ఇంకా నడిమిలో ఉన్నాను. కలుపుతో పాటు పైరు కూడా పీకానని ఒకామె ఎత్తి చూపించింది. మా ఆవిడ నాకంటే ముందు ముగించింది. నా నడుము ఎప్పటికీ నిటారు కాదేమో అనుకున్నాను గాని, ఆ రోజు తిన్న జొన్న రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ రుచి ఏ విందులోనూ నాకు దొరకలేదు.

పొద్దు వాలాక ముసలామె చేను చూసి, "సరే, మన బదులు తీరింది" అన్నది.

గట్టు మీద కూర్చున్న మా అవ్వ ఒప్పుకోలేదు. "గిదేం పనే వదినె? మావోడు సగం గూడ తియ్యలే. సగమే తీరింది. తక్కిన సగం వచ్చే యేడు."

ముసలామె నా సాలు వైపు ఇంకోసారి చూసి, నిజమేనన్నది. ఆ తర్వాత ఆరేళ్ళు, ఆ మోటారు నడిచినన్నాళ్ళు, ప్రతి ఏడాదీ ఆ ఊరు వెళ్ళాం. ఏ ఏడూ అవ్వ లెక్క తీరనివ్వలేదు.